సినీ లెన్స్ కొందామనుకుంటున్నారా? ముందు ఫోకస్ తిప్పేదెవరో తేల్చుకోండి

ఈ మధ్య నాకు వచ్చే మెసేజ్‌లలో ఫోన్ల గురించి అడిగేవాళ్లు తగ్గారు. దాని బదులు ఇంకో ప్రశ్న పెరిగింది. "అన్నా, మిర్రర్‌లెస్ బాడీ తీసుకున్నా. షార్ట్ ఫిలిం చేయాల. తక్కువలో మంచి సినీ లెన్స్ సెట్ యాడ దొరుకుతాది?" అడిగేది ధర్మవరం, హిందూపురం, పెనుకొండ వైపు పిల్లలే. బుక్కపట్నంలో కూచుని రివ్యూలు రాసే నాకు ఇది సంతోషం కలిగించే విషయమే. మన ఊళ్లలో కూడా కెమెరా పెళ్లి వీడియో దాటి కథల వైపు వస్తోందని అర్థం.

కానీ ఆ ప్రశ్న వెనకాలే ఇంకో మాట వస్తుంది. "లక్షా ఇరవై వేలవుతాది అన్నా, అప్పు చేసైనా తీసుకుంటా." అక్కడ నాకు గుండె ఆగుతుంది. మన దగ్గర అప్పంటే ఏంటో మనకు తెలుసు. రెండు రూపాయల వడ్డీ అంటే లక్షా ఇరవై వేలకు నెలకు 2,400. ఏడాదికి 28,800. అసలు అలాగే ఉంటుంది. ఆ వడ్డీ కట్టేది మగ్గం మీదో, వేరుశనగ చేనులోనో, కియా ఫ్యాక్టరీ షిఫ్టులోనో ఉన్న ఇంటి మనిషి.

అందుకే ఈసారి "టాప్ 5 బడ్జెట్ సినీ లెన్సులు" రాయడం లేదు. నా అభిప్రాయం సూటిగా చెప్తా. మీ షూట్‌లో ఫోకస్ తిప్పడానికి మీరు కాకుండా ఇంకో మనిషి లేకపోతే, సినీ లెన్స్ సెట్ మీకు ఇప్పుడు అక్కర్లేదు. మనిషి ఉంటే మాత్రం, తక్కువ ధర సినీ లెన్స్ అంత విలువైన వస్తువు ఇంకోటి లేదు. ఎందుకో వివరంగా చూద్దాం.

గాజు అదే, చొక్కా వేరు

"సినీ లెన్స్" అనగానే లోపల ఏదో వేరే మాయ గాజు ఉంటుందని చాలామంది అనుకుంటారు. కోట్ల రూపాయల సినిమాలకు వాడే ఖరీదైన లెన్సుల విషయంలో అది నిజమే. కానీ మన బడ్జెట్‌లో కనిపించే వాటిలో చాలా వరకు స్టిల్ లెన్స్ గాజునే వేరే బాడీలో పెట్టి అమ్ముతారు.

ఉదాహరణకు సిగ్మా 18-35 ఎంఎం ఎఫ్/1.8 ఆర్ట్. 2013లో 799 డాలర్లకు వచ్చింది. ఏపీఎస్-సీ కెమెరాలతో వీడియో తీసేవాళ్లకు ఏళ్ల తరబడి ఇదే మొదటి పేరు. 2016లో సిగ్మా అదే ఆప్టిక్స్‌తో సినీ వెర్షన్ తెచ్చింది, 18-35 ఎంఎం టీ2. ధర 3,999 డాలర్లు. గాజు అదే, ధర ఐదింతలు. టోకినా 11-16 ఎంఎం టీ3.0 కూడా అంతే, ఎఫ్/2.8 స్టిల్ జూమ్ నుంచి వచ్చింది. సామ్యాంగ్ 35 ఎంఎం ఎఫ్/1.4 చొక్కా మార్చుకుని 35 ఎంఎం టీ1.5 అయింది. జైస్ సీపీ.2 సిరీస్‌ను కూడా ఆ కంపెనీ స్టిల్ లెన్స్ డిజైన్ల మీదే కట్టింది.

ఇది మోసం అనడం లేదు. ఆ చొక్కాకు పని ఉంది. అదేంటో తెలిస్తే మీకు అవసరమో కాదో మీకే తెలిసిపోతుంది.

ఆ డబ్బు దేనికి కడుతున్నాం?

మొదటిది ఫోకస్ త్రో. స్టిల్ లెన్స్‌లో దగ్గర నుంచి దూరానికి ఫోకస్ పోవడానికి రింగు కొంచెం తిప్పితే చాలు. ఫోటోకు అది సుఖం. వీడియోలో నటుడు నాలుగడుగులు నడిచొస్తుంటే ఆ నాలుగడుగులకు రింగు మీద చోటు ఉండాలి. సినీ లెన్స్‌లో రింగు చాలా ఎక్కువ తిరుగుతుంది, అందుకే దూరం గుర్తులు ఎడంగా ఉంటాయి. ఆరడుగులకూ ఏడడుగులకూ మధ్య వేలు పెట్టేంత జాగా దొరుకుతుంది.

రెండోది పళ్లు. రింగు మీద 0.8 మాడ్యూల్ గేర్ ఉంటుంది. ఫాలో ఫోకస్ చక్రమో, వైర్‌లెస్ మోటరో దానికి తగిలిస్తారు. ఒక సెట్‌లో అన్ని లెన్సులకూ ఆ గేర్ దాదాపు ఒకే చోట ఉండేలా చూస్తారు. 35 తీసి 50 పెడితే మోటరు కదపాల్సిన పని ఉండదు.

మూడోది క్లిక్ లేని అపర్చర్. షాట్ మధ్యలో వెలుగు మారితే టకటకా శబ్దం రాకుండా, గెంతకుండా మెల్లగా మార్చొచ్చు.

నాలుగోది టీ-స్టాప్. ఎఫ్ నంబర్ లెక్క ప్రకారం వచ్చేది, టీ నంబర్ నిజంగా సెన్సర్ మీద పడే వెలుగును కొలిచి చెప్పేది. ఎఫ్/1.4 లెన్స్ టీ1.5 అయిందంటే గాజులో సుమారు 13 శాతం వెలుగు పోయిందన్నమాట. ఒక్క లెన్స్ వాడేవాడికి ఇది పెద్ద విషయం కాదు. మూడు లెన్సులు మారుస్తూ ఒకే సీన్ తీసేవాడికి, మూడింటిలో టీ2.8 అంటే అదే వెలుగు రావడం ఎడిటింగ్‌లో గంటలు మిగులుస్తుంది.

ఇప్పుడు ఈ నాలుగూ ఇంకోసారి చూడండి. క్లిక్ లేని అపర్చర్ తప్ప మిగతావన్నీ కెమెరా పక్కన నిలబడే రెండో మనిషి కోసం చేసినవి, లేదంటే లెన్సులు మార్చుకుంటూ పనిచేసే యూనిట్ కోసం. సినిమా సెట్‌లో అతన్ని ఫోకస్ పుల్లర్ అంటారు. ఫ్రేమ్ చూసేది ఒకరు, ఫోకస్ తిప్పేది ఇంకొకరు. సినీ లెన్స్ పుట్టిందే ఆ రెండో మనిషి చేతి కోసం.

ఒక్కరే ఉంటే ఏమవుతుంది?

మన దగ్గర షార్ట్ ఫిలిం యూనిట్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కెమెరా, డైరెక్షన్, ఎడిటింగ్ ఒకడే. రిఫ్లెక్టర్ పట్టుకునేవాడు ఇంకొకడు, వాడే రెండో హీరో కూడా. గింబల్ మీద కెమెరా పెట్టి నడుస్తూ తీస్తాడు. గింబల్ మీద చేత్తో లెన్స్ తిప్పడం కుదరదు, ముట్టుకుంటే ఫ్రేమ్ ఊగుతుంది. అంటే వైర్‌లెస్ ఫాలో ఫోకస్ కొనాలి. సినీ లెన్స్ లోహపు బాడీతో బరువుగా ఉంటుంది కాబట్టి చిన్న గింబల్ మోయదు, పెద్దది కొనాలి. లెన్స్‌తో మొదలైన ఖర్చు ఇలా పాకుతూ పోతుంది.

ఇంకో పక్క మీరు ఇప్పటికే డబ్బు పోసి కొన్న మిర్రర్‌లెస్ బాడీలో కన్ను పట్టుకునే ఆటోఫోకస్ ఉంది. తక్కువ ధర సినీ లెన్సులు దాదాపు అన్నీ మాన్యువల్. అవి పెట్టగానే ఆ బాడీలో బాగా పనిచేసే ఫీచర్‌ను మీ చేత్తో మీరే ఆపేసినట్టు. చాలా వాటిలో ఎలక్ట్రానిక్ కాంటాక్టులు కూడా ఉండవు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్ ఎన్ని ఎంఎమ్మో మీరే మెనూలో చెప్పాలి. మర్చిపోతే ఫ్రేమ్ వింతగా కదులుతుంది.

ఒంటరిగా తీసేవాళ్లకు నా సలహా ఇది. ఆటోఫోకస్ ఉన్న ఒక మంచి స్టిల్ ప్రైమ్ తీసుకోండి. అపర్చర్ రింగు ఉండి, క్లిక్ ఆపే స్విచ్ కూడా ఉంటే ఇంకా మేలు. రేపు ఒక తమ్ముడు ఫోకస్ నేర్చుకుంటానని వస్తే, అదే లెన్స్‌కు రబ్బరు గేర్ రింగు తొడగొచ్చు, దానికి పెద్ద ఖర్చు లేదు. ఒక్క జాగ్రత్త. మిర్రర్‌లెస్ లెన్సుల ఫోకస్ రింగు చాలావరకు తీగ మీద నడుస్తుంది, నేరుగా గాజును కదపదు. వేగంగా తిప్పితే ఎక్కువ, మెల్లగా తిప్పితే తక్కువ జరుగుతుంది. కొన్ని బాడీలలో దీన్ని లీనియర్‌కు మార్చే సెట్టింగు ఉంది. కొనే ముందు మీ బాడీలో అది ఉందో లేదో చూసుకోండి.

టీ1.05 మోజు

బడ్జెట్ సినీ లెన్సుల ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఉండేది అపర్చరే. 7ఆర్టిసాన్స్ విజన్ సిరీస్‌లో టీ1.05, సిరూయి నైట్‌వాకర్‌లో టీ1.2. చూడగానే నోరూరుతుంది. రాత్రిపూట వీధి దీపం కింద షూట్ చేసేయొచ్చు అనిపిస్తుంది. చేయొచ్చు కూడా. కానీ లెక్క చూడండి.

ఏపీఎస్-సీ కెమెరాలో 50 ఎంఎం, అపర్చర్ పూర్తిగా తెరిచి, మనిషి ఐదడుగుల దూరంలో ఉంటే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. నటి ఊపిరి తీసుకుని కాస్త ముందుకు వంగితే కన్ను కూడా పోతుంది. అదే లెన్స్‌ను 2.8కి దించితే లోతు పది సెంటీమీటర్లకు వస్తుంది. అప్పుడు కొత్త చేతికి కూడా ఫోకస్ దొరుకుతుంది.

ఇంకో చిక్కు మన ఊళ్లకే ప్రత్యేకం. ధర్మవరం పట్టుచీర. చౌకగా వచ్చే ఇంత వెలుగు లెన్సులు పూర్తిగా తెరిచి వాడితే, మెరిసే అంచుల చుట్టూ ఊదా రంగు గీత కనిపించడం మామూలే. ఎండ పడిన జరీ అంచు దీనికి సరైన పరీక్ష. ప్రతి మెరుపు చుట్టూ ఊదా అంచు వస్తే, చీర రంగే మారిపోయినట్టుంటుంది. చీరల షాపు యాడ్ తీస్తున్నప్పుడు షాపు ఓనర్ అడిగే మొదటి మాట "రంగు సరిగ్గా రాలేదే" అనే. అపర్చర్ 2.8, 4 దగ్గరకు దించితే ఈ గోల చాలావరకు తగ్గుతుంది. మరి 2.8లోనే వాడేటప్పుడు 1.05కి ఎక్కువ డబ్బెందుకు?

పగటిపూట సంగతి ఇంకా చూడాలి. మన రాయలసీమ ఎండలో, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ఐఎస్‌ఓ 100 పెడితే అపర్చర్ ఎఫ్/22 దాకా మూయాలి. 1/50 ఎందుకంటే కదలిక సహజంగా ఉంటుంది, పైగా మన 50 హెర్ట్జ్ కరెంటుకు ట్యూబ్‌లైట్లు మినుకుమినుకుమనవు. ఇప్పుడు ఎఫ్/22 నుంచి 2కి రావాలంటే ఏడు స్టాపుల వెలుగు తగ్గించాలి. లాగ్ ప్రొఫైల్‌లో బేస్ ఐఎస్‌ఓ 800 ఉన్న కెమెరా అయితే పది స్టాపులు. అంటే మంచి ఎన్డీ ఫిల్టరు లేకుండా ఏ సినీ లెన్స్ కొన్నా, పగలు బుక్కపట్నం చెరువు కట్ట మీద మీరు దాన్ని ఎఫ్/22లోనే వాడాలి, లేకపోతే షట్టర్ పెంచి గతుకులు పడే వీడియో తీయాలి. మన పెద్దలు ఊరికే అనలేదు, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అని. లెన్స్ బడ్జెట్ రాసుకునేటప్పుడే ఎన్డీ ధర కూడా పక్కన రాసుకోండి. మరీ చౌక వేరియబుల్ ఎన్డీలు ఎక్కువ తిప్పితే ఫ్రేమ్ మీద ఇంటూ గుర్తులాంటి నీడ వస్తుంది. షాపులోనే తిప్పి చూడండి.

ఎంఎం ఎంచుకోవడానికి టేపు చాలు

"24 తీసుకోవాలా, 35 తీసుకోవాలా, 50 తీసుకోవాలా?" దీనికి యూట్యూబ్‌లో సమాధానం వెతకొద్దు. మీ కథ జరిగే గదిలో టేపు పెట్టి కొలవండి. లెక్క చాలా తేలిక. కెమెరా నుంచి మనిషికి ఉన్న దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగించండి. ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్ 36 ఎంఎం.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇల్లు తీసుకుందాం. గోడకు ఆనుకుని నిలబడితే మగ్గానికీ మీకూ మధ్య పదడుగులు దొరికాయనుకోండి. ఏపీఎస్-సీలో 50 ఎంఎం పెడితే 4.7 అడుగుల వెడల్పు పడుతుంది. నేతగాడి ముఖం, చేతిలో నాడె వస్తాయి, మగ్గం రాదు. 35 పెడితే 6.7 అడుగులు. 24 పెడితే 9.8 అడుగులు, మగ్గమూ మనిషీ కలిసి కూచుంటారు. 16 పెడితే 14.7 అడుగులు, గది మొత్తం. ఇక్కడ 50, 85 ఉన్న సెట్ కొని ఏం లాభం? మన ఇళ్లు చిన్నవి. మన కథలు ఎక్కువగా ఆ ఇళ్లలోనే జరుగుతాయి.

అదే లేపాక్షి నంది దగ్గర చూడండి. సుమారు 27 అడుగుల పొడవని చెప్పే ఆ ఏకశిలా నంది మొత్తం ఫ్రేమ్‌లో పట్టాలంటే, ఏపీఎస్-సీలో 24 ఎంఎంతో దాదాపు 28 అడుగులు, 50తో 57 అడుగులు వెనక్కి పోవాలి. అక్కడ జాగా ఉంది కాబట్టి ఏదైనా నడుస్తుంది. లోపల వీరభద్రస్వామి ఆలయం మంటపంలో జాగా తక్కువ, వెలుగు తక్కువ. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, షూటింగ్ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ సంగతి లెన్స్ కొనక ముందే తేల్చుకోండి.

మీ కథలో ఐదు ముఖ్యమైన చోట్లకు పోయి ఈ లెక్క వేయండి. రెండు ఎంఎంలు మళ్లీ మళ్లీ వస్తాయి. మీ సెట్ అంటే ఆ రెండే. మిగతావి ఆ కంపెనీ వాళ్లు అమ్ముకోవాల్సినవి.

మౌంట్ సంగతి ముందే చూసుకోవాలి

బాడీలు మూడు నాలుగేళ్లకు మారతాయి, లెన్స్ ఇరవై ఏళ్లు ఉంటుంది. అందుకే ఏ మౌంట్‌లో కొంటున్నామన్నది ధర కంటే పెద్ద విషయం. మౌంట్ నుంచి సెన్సర్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. పీఎల్ మౌంట్‌కు 52 ఎంఎం, నికాన్ ఎఫ్‌కు 46.5, కేనన్ ఈఎఫ్‌కు 44. మిర్రర్‌లెస్‌లో సోనీ ఈకి 18, కేనన్ ఆర్ఎఫ్‌కు, ఎల్ మౌంట్‌కు 20, నికాన్ జెడ్‌కు 16, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 19.25.

ఎక్కువ దూరం ఉన్న లెన్స్‌ను తక్కువ దూరం ఉన్న బాడీ మీద పెట్టొచ్చు, మధ్యలో ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్ చాలు. తిరగేసి మాత్రం కుదరదు. అంటే ఈఎఫ్ మౌంట్‌లో కొన్న మాన్యువల్ లెన్స్ ఈరోజు సోనీ మీద, రేపు నికాన్ జెడ్ మీద, ఎల్లుండి అద్దెకు తెచ్చిన బ్లాక్‌మ్యాజిక్ మీద నడుస్తుంది. సోనీ ఈ మౌంట్‌లో కొన్నది దాదాపు సోనీకే అంకితం. కొన్ని కంపెనీలు మౌంట్ మార్చుకునే వీలు ఇస్తాయి, డీజెడ్ఓఫిల్మ్ వెస్పిడ్ లాంటివి పీఎల్, ఈఎఫ్‌లలో దొరుకుతాయి. సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకునేటప్పుడు కూడా ఇలాంటి మౌంట్‌కే కొనేవాళ్లు ఎక్కువ దొరుకుతారు.

సెన్సర్ కవరేజీ కూడా చూడాలి. మైకే టీ2.2 చిన్న సిరీస్ మైక్రో ఫోర్ థర్డ్స్ కోసం, సిరూయి నైట్‌వాకర్ సూపర్ 35 కోసం, 7ఆర్టిసాన్స్ స్పెక్ట్రమ్ టీ2.0 ఫుల్ ఫ్రేమ్ కోసం. ఫుల్ ఫ్రేమ్ బాడీ కొనే ఆలోచన ఉంటే చిన్న సెన్సర్ లెన్స్ తక్కువకు వస్తోందని తీసుకోవద్దు, మూలలు నల్లబడతాయి.

బీరువాలో ఉన్న సినీ లెన్సులు

అసలు చౌక సినీ లెన్సులు ఎక్కడున్నాయో తెలుసా? మన ఊళ్లలో పాత ఫోటో స్టూడియోల బీరువాల్లో. ఫిల్మ్ రోజుల నికాన్ మాన్యువల్ లెన్సులకు అపర్చర్ రింగు ఉంటుంది, ఫోకస్ నిజంగా గాజును కదుపుతుంది, చివర్లో గట్టిగా ఆగుతుంది. జెనిట్ కెమెరాతో వచ్చే హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్/2 అయితే ఇంకో లాభం. అపర్చర్‌కు రెండు రింగులు ఉంటాయి, రెండోది క్లిక్ లేకుండా మెత్తగా తిరుగుతుంది. ఎవరూ మార్పు చేయకుండానే అది క్లిక్ లేని లెన్స్.

అంత పాత గాజు పనికొస్తుందా అంటారా? 2023లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ది క్రియేటర్' చాలావరకు సోనీ ఎఫ్ఎక్స్3 అనే చిన్న కెమెరాతో తీశారు. దాని మీద పెట్టింది పాతకాలపు కోవా అనామార్ఫిక్ లెన్స్. ఇది చెప్తే కొందరు "చూశావా అన్నా, బాడీ కాదు, లెన్సే ముఖ్యం" అంటారు. ఒప్పుకోను. ఆ సినిమా వెనక ఫోకస్ పుల్లర్లు ఉన్నారు, లైటింగ్ యూనిట్ ఉంది, ఆ తర్వాత పెద్ద వీఎఫ్ఎక్స్ పని ఉంది. దాని నుంచి మనం తీసుకోవాల్సింది ఒకటే, కొత్తగా మెరిసే సెట్ లేకపోయినా పని ఆగదు.

పాత లెన్స్ తీసుకునేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడండి. అపర్చర్ రేకుల మీద నూనె ఉందేమో చూడండి. ఫోకస్ రింగు ఒక చోట బిగుతుగా, ఒక చోట వదులుగా తిరిగితే లోపల గ్రీజు ఎండిపోయిందని అర్థం. మన దుమ్ముకు, ఎండకు అది మామూలే. బాగుచేయించొచ్చు, కానీ ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. ఇంకోటి, నికాన్ రింగులు కేనన్‌కు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. రెండూ కలిపి వాడితే షాట్ మధ్యలో చెయ్యి తడబడుతుంది.

అనామార్ఫిక్ ఆశ

తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. ఆ వెడల్పాటి తెర మీద మోజు మనకు అప్పటి నుంచీ ఉంది. 2020లో సిరూయి 50 ఎంఎం ఎఫ్/1.8 అనామార్ఫిక్ వచ్చాక ఆ మోజు మామూలు కుర్రాళ్ల చేతికి అందింది. అది 1.33 రెట్లు అడ్డంగా నొక్కుతుంది, 16:9 ఫ్రేమ్‌ను విప్పితే సుమారు 2.37:1 వస్తుంది. నీలం గీతల ఫ్లేర్ వస్తుంది.

నా మాట వింటే మొదటి లెన్స్‌గా ఇది వద్దు. 4కేలో మామూలు లెన్స్‌తో తీసి పైనా కిందా కత్తిరిస్తే అదే ఆకారం ఉచితంగా వస్తుంది. నీలం గీత కోసం అంత ఖర్చా? మీ కథకు ఆ గీత నిజంగా కావాలనిపిస్తే, రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోండి.

కొనడమా, అద్దెకా?

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు అటూ ఇటూ. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారి మీద ఉన్నాయి. హైదరాబాద్ కృష్ణానగర్ కంటే మనకు బెంగళూరే దగ్గర. ఇది మనకున్న పెద్ద సౌకర్యం, మనం వాడుకోవడం లేదు.

లెక్క ఇలా వేయండి. ఒక లెన్స్ 40 వేలు, అద్దె రోజుకు వెయ్యి అనుకుందాం. మీరు దాన్ని ఏడాదిలో 40 రోజులు వాడితే కొనడం న్యాయం. మీ షార్ట్ ఫిలిం షూటింగ్ ఐదు రోజులైతే అద్దె ఐదు వేలు. మిగతా 35 వేలు మైకుకు, రెండు లైట్లకు, నటులకు భోజనాలకు పోతాయి. ప్రేక్షకుడు బోకే సరిగ్గా లేదని వీడియో ఆపడు, మాట వినపడకపోతే ఆపేస్తాడు. డిపాజిట్, ఐడీ కార్డు, రైలు ఖర్చు కలిపి చూసుకోండి. తిరిగిచ్చేటప్పుడు గొడవ రాకుండా, తీసుకునేటప్పుడే లెన్స్ ముందు వెనక ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి.

మరి ఎవరు కొనాలి?

నా మాటకు ఎదురు మాట కూడా ఉంది, దాన్ని దాటేయను. "అన్నా, మాన్యువల్ లెన్స్ చేతిలో లేకపోతే ఫోకస్ పని ఎప్పుడు నేర్చుకుంటాం? ఆటోఫోకస్‌తో పెరిగినోడు పెద్ద సెట్‌లో అసిస్టెంట్‌గా ఎలా నిలబడతాడు?" ఇది నిజమైన ప్రశ్న. సినిమా కెమెరా డిపార్ట్‌మెంట్‌లోకి పోవాలనుకునేవాళ్లకు ఫోకస్ తిప్పడం ఒక చేతి పని, మగ్గం మీద నాడె వేయడం లాగా. అది వీడియోలు చూస్తే రాదు.

అలాంటివాళ్లకు నా జవాబు, ఇద్దరు కలిసి ఒక్క సినీ లెన్స్ కొనండి. సెట్ కాదు, ఒక్కటి. ఏపీఎస్-సీ అయితే 24 లేదా 35, ఫుల్ ఫ్రేమ్ అయితే 35 లేదా 50. టీ2 చుట్టుపక్కల ఉంటే చాలు. వీలైతే ఈఎఫ్ మౌంట్. దానికి ఒక చేతి ఫాలో ఫోకస్, ఒక టేపు. రోజూ సాయంత్రం ఒకరు నడవండి, ఒకరు తిప్పండి. నెల తిరిగేసరికి టీ2.8లో నడిచే మనిషిని పట్టుకోగలిగితే, మీరు ఏ సెట్‌కైనా ధైర్యంగా పోవచ్చు. డబ్బు సగం సగం కాబట్టి అప్పు అక్కర్లేదు. పైగా సినీ లెన్స్‌కు కావాల్సిన రెండో మనిషి దానితో పాటే దొరికాడు.

షాపులో చూడాల్సినవి కూడా చెప్పేస్తా. దూరంగా కొండ మీద ఫోకస్ పెట్టి ఇన్ఫినిటీ గుర్తుకు సరిపోతోందా చూడండి, చౌక లెన్సులలో ఒక్కో పీసు ఒక్కోలా ఉంటుంది. ఫోకస్ దగ్గర నుంచి దూరానికి తిప్పుతూ ఫ్రేమ్ ఎంత ఊపిరి పీలుస్తోందో, అంటే ఎంత పెద్దదీ చిన్నదీ అవుతోందో గమనించండి. రింగును వెనక్కీ ముందుకూ కదిపి ఆట ఉందేమో చూడండి. తెల్ల గోడను తీసి మూలలు చూడండి.

2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను ఏడుగురి యూనిట్‌తో, కేనన్ చేతి కెమెరాలతో ఐదు రోజుల్లో తీశారు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి'లో మన సరిహద్దు పల్లె లాంటి ఊళ్లో ఒక ఆటో డ్రైవర్‌కు ఖరీదైన కెమెరా దొరుకుతుంది, పెళ్లి ఫోటోలు తీసే స్నేహితుడితో కలిసి సినిమా మొదలుపెడతాడు. ఆ కథలో కెమెరా ఊరికే దొరికింది. దాన్ని నడిపించడానికి మాత్రం ఊరంతా కదలాల్సి వచ్చింది.

కాబట్టి ఈ వారం కార్టులో ఏమీ వేయకండి. మీతో పాటు ఫోకస్ తిప్పే ఒక్క మనిషిని వెతకండి. దొరికితే అప్పుడు మెసేజ్ చేయండి, ఇద్దరి బడ్జెట్ చెప్పండి. ఏ లెన్సో నేను చెప్తా.